ఫ్లషింగ్ లైబ్రరీలో చైనీస్: పిల్లల అరల దగ్గర మొదలుపెట్టండి

న్యూయార్క్‌లో ఏడో నంబరు రైలు ఆఖరి స్టేషన్ ఫ్లషింగ్-మెయిన్ స్ట్రీట్. దిగి మెయిన్ స్ట్రీట్ మీదే దక్షిణం వైపు కాస్త నడిస్తే, కిస్సెనా బులెవార్డ్ కలిసే మూలన పెద్ద అద్దాల భవనం కనిపిస్తుంది. అది క్వీన్స్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ల ఫ్లషింగ్ శాఖ. ఇప్పుడున్న భవనాన్ని 1998లో తెరిచారు. బౌన్ స్ట్రీట్‌లోని గణేశుడి గుడి నుంచి నడిచి రాగలిగినంత దూరమే. న్యూజెర్సీ నుంచి, లాంగ్ ఐలాండ్ నుంచి ఆ గుడికి వచ్చే తెలుగువాళ్లు దర్శనం చేసుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని కారెక్కేస్తారు. చైనీస్ భాష మీద ఆసక్తి ఉన్నవాళ్లు, పిల్లల్ని బడిలో మాండరిన్ క్లాసుకి పంపుతున్నవాళ్లు ఆ రోజు ఇంకో రెండు గంటలు ఉంచుకుని ఈ లైబ్రరీకి రావాలని నా కోరిక.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఒకటుంది. నేరుగా ఇంగ్లిష్ నాన్‌ఫిక్షన్ అరల్లో చైనీస్ భాషకి కేటాయించిన 495.1 నంబరు వెతుక్కుని, 'నెల రోజుల్లో చైనీస్' తరహా పుస్తకం ఒకటి పట్టుకుని వెళ్లిపోతారు. ఆ పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. ఈ లైబ్రరీ అసలు సంపద చైనీస్ చదివేవాళ్ల కోసం తెప్పించిన పుస్తకాలు, వాటిలోనూ పిల్లల పుస్తకాలు. నేర్చుకునేవాళ్లకి అవి ఎందుకు పనికొస్తాయో, వాటిని కేటలాగ్‌లో పట్టుకోవడం ఎందుకంత చిక్కో చెప్పడానికే ఈ పోస్టు.

ముందు కార్డు సంగతి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటున్నా, పని చేస్తున్నా, చదువుకుంటున్నా, ఆస్తి పన్ను కడుతున్నా కార్డు ఉచితం. అంటే ఎడిసన్‌లో ఉంటూ మన్‌హాటన్ ఆఫీసుకి వెళ్లేవాళ్లకీ వస్తుంది. ఫోటో ఉన్న గుర్తింపు కార్డుతో పాటు ఉద్యోగానికి రుజువు చూపించాలి. న్యూయార్క్ నగరంలోని మూడు లైబ్రరీ వ్యవస్థలూ 2021 అక్టోబరులో ఆలస్య రుసుము ఎత్తేశాయి. పుస్తకం పోగొడితే మాత్రం దాని ఖరీదు కట్టాల్సిందే. వలస వచ్చినవాళ్ల కోసం వాళ్ల వాళ్ల భాషల్లో పుస్తకాలు, కార్యక్రమాలు నడపడం ఈ క్వీన్స్ వ్యవస్థ 1977లోనే ఒక విభాగంగా మొదలుపెట్టింది. చైనీస్ అరలు ఇంత నిండుగా ఉండటానికి అదొక కారణం.

ఏ అరలో ఏముంటుంది

చైనాకి సంబంధించిన పుస్తకాలు రెండు చోట్ల ఉంటాయి. ఇంగ్లిష్‌లో రాసినవి డ్యూయీ నంబర్ల (విషయాన్ని బట్టి పుస్తకాలకి ఇచ్చే వర్గ సంఖ్యల) ప్రకారం లైబ్రరీ అంతటా చెదిరి ఉంటాయి. భాష 495.1, సాహిత్యం 895.1, చరిత్ర 951, ప్రయాణాలు 915.1, కన్ఫ్యూషియస్ మొదలైన తాత్వికులు 181 దగ్గర, తావో మతం 299.5 దగ్గర, వంట 641.5951, పండుగలు 394.26, అక్షర లేఖన కళ 745.6. (మన తెలుగుకి ఇదే పద్ధతిలో భాష 494.827, సాహిత్యం 894.827. ఏ లైబ్రరీకి వెళ్లినా ఈ రెండు నంబర్లూ గుర్తుంటే మంచిది.) చైనీస్‌లో అచ్చయినవి ప్రపంచ భాషల విభాగంలో విడిగా ఉంటాయి. చాలా లైబ్రరీల్లో అక్కడ నవలల్ని రచయిత ఇంటిపేరుని రోమన్ లిపిలోకి మార్చి ఆ వరసలో పెడతారు. చైనీస్ పేర్లలోనూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది కాబట్టి, పుస్తకం అట్ట మీద ఉన్న పేరులో మొదటి అక్షరాన్నే చూడాలి.

కేటలాగ్ స్పెల్లింగుల చిక్కు

పుస్తకం లైబ్రరీలో ఉండి కూడా 'లేదు' అనిపించేది ఇక్కడే. చైనీస్ పేర్లను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి కాలంతో మారింది. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఇంగ్లిష్ పుస్తకాల్లో వేడ్-జైల్స్ పద్ధతి నడిచింది. చైనా 1958లో తన సొంత పద్ధతి పిన్‌యిన్‌ని అధికారికంగా చేపట్టింది, 1982లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మాత్రం 2000 అక్టోబరు 1 దాకా తన కేటలాగ్‌లో వేడ్-జైల్స్‌నే వాడింది. ఆ రోజు నుంచి రికార్డుల్ని పిన్‌యిన్‌కి మార్చారు. కానీ పుస్తకం అట్ట మీద అచ్చయిన పేరుని ఎవరూ మార్చలేరు కదా. అందుకని 2000కి ముందు వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాల శీర్షికలు పాత స్పెల్లింగులోనే ఉంటాయి, రచయిత పేరు, విషయ శీర్షిక మాత్రం కొత్త స్పెల్లింగులో ఉంటాయి.

మనకి బాగా తెలిసిన మనిషితోనే చూద్దాం. మన చరిత్ర పాఠాల్లో హుయాన్ త్సాంగ్ అని చదువుకున్న బౌద్ధ యాత్రికుడు ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చాడు. 'అన్-త-లో' దేశం గురించి, దాని రాజధాని గురించి రాశాడు. ఆ రాజధాని వేంగి అని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి భాష మధ్య భారతదేశపు భాషకి భిన్నమనీ, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటేననీ ఆయన గమనించాడు. తర్వాత ధాన్యకటకం వెళ్లాడు. ఇదంతా ఆయన యాత్రా గ్రంథం పదో భాగంలో ఉంది. ఆ భాగం కావాలని కేటలాగ్‌లో వెతికితే ఆయన పేరు ఎక్కడెక్కడ దొరుకుతుందో చూడండి. పిన్‌యిన్‌లో ఎక్స్ అక్షరం కింద. వేడ్-జైల్స్‌లో హెచ్, ఎస్ అక్షరాలతో. 1884లో వచ్చిన శామ్యూల్ బీల్ అనువాదంలో హెచ్, ఐ అక్షరాలతో. 1904-05లో వచ్చిన థామస్ వాటర్స్ పుస్తకంలో వై అక్షరంతో. ఒకే మనిషికి నాలుగు స్పెల్లింగులు. పైగా ఆ పుస్తకాలు చైనా చరిత్ర అరలో ఉండకపోవచ్చు. విషయం భారతదేశ యాత్ర, బౌద్ధం కాబట్టి 915.4 దగ్గరో, 294.3 దగ్గరో వెతకాలి.

దీనికి మందు ఒకటే. శీర్షికతో కాకుండా రచయిత పేరుతో, పిన్‌యిన్‌లో వెతకండి. ఏదో ఒక రికార్డు దొరకగానే దాన్ని తెరిచి, కింద నీలి రంగులో ఉండే రచయిత పేరు లింకుని నొక్కండి. కేటలాగ్ ఆ మనిషి పుస్తకాలన్నిటినీ, ఏ స్పెల్లింగులో అచ్చయినా సరే, ఒక చోటికి తెస్తుంది. గూగుల్ అలవాటుతో వెతుకుడు పెట్టెలో మళ్లీ మళ్లీ కొత్త మాటలు కొట్టడం కంటే ఇది ఎంతో నయం.

చైనీస్‌లో అచ్చయిన పుస్తకాలకి ఇంకో మెలిక ఉంది. లైబ్రరీ పిన్‌యిన్‌లో మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు కలిపి రాస్తారు, మిగతా మాటల్ని మాత్రం ఒక్కో చైనీస్ అక్షరం పలుకు విడదీసి రాస్తారు. నిఘంటువుకి చైనీస్ మాట రెండు అక్షరాలు. బయట అందరూ 'జి‌డియన్' అని కలిపి రాస్తే కేటలాగ్‌లో 'జి డియన్' అని ఖాళీతో ఉంటుంది. కలిపి వెతికితే ఫలితం రాకపోవచ్చు, విడదీసి కూడా కొట్టి చూడండి. స్వర గుర్తులు పెట్టాల్సిన పని లేదు. ఫోన్‌లో చైనీస్ కీబోర్డు పెట్టుకుంటే అక్షరాలతోనే వెతకచ్చు, కొత్త రికార్డుల్లో మూల లిపి కూడా ఉంటుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. రెండు చుక్కల యు కోసం కీబోర్డులో వి కొట్టాలి. ఇది తెలియక 'ఆడ' అనే అర్థమున్న అక్షరం దొరక్క అవస్థ పడేవాళ్లు ఎందరో. సరళ లిపిలో (గీతలు తగ్గించిన అక్షరాలు) వెతికి రాకపోతే సంప్రదాయ లిపిలో (పాత పూర్తి రూపాలు) కూడా వెతకండి. కొన్ని కేటలాగ్‌లు రెండింటినీ ఒకటిగా చూడవు.

ఆ రెండు లిపుల తేడా పుస్తకం ఎంచుకునేటప్పుడు మరీ ముఖ్యం. చైనా, సింగపూర్, మలేసియా సరళ లిపి వాడతాయి. తైవాన్, హాంకాంగ్, మకావు సంప్రదాయ లిపి వాడతాయి. చైనాలో సరళీకరణ పథకం 1956లో వచ్చింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి చూడగానే ఏది ఏ లిపో పోల్చుకోవడం కష్టం. వెనక అట్ట మీద పుస్తకపు గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ చూడండి, అబద్ధం చెప్పదు. 978 తర్వాత 7 ఉంటే చైనా. 957, 986, 626 ఉంటే తైవాన్. 962, 988 ఉంటే హాంకాంగ్. 981 సింగపూర్. ఒక లిపి పట్టుకుని కనీసం మొదటి ఏడాది దాన్నే వదలకుండా చదవండి. అటు నాలుగు ఇటు నాలుగు తెచ్చుకుంటే రెండూ నిలవవు. పిల్లల బడిలో ఏది చెప్తున్నారో అదే ఇంట్లోనూ చదవడం ఉత్తమం.

పిల్లల అరలు

పిల్లల పుస్తకాల్లో పెద్దలకి దొరకని ఒక వరం ఉంది: అక్షరం పక్కనే ఉచ్చారణ. చైనాలో అచ్చయిన పుస్తకాల్లో ఒకటి, రెండు తరగతుల స్థాయి వాటిలో చాలావాటికి ప్రతి అక్షరం మీదా పిన్‌యిన్ ఉంటుంది. తైవాన్ పుస్తకాల్లో అక్షరానికి కుడి పక్కన చిన్న చిన్న గుర్తులుంటాయి, వాటిని జుయిన్ అంటారు. మొత్తం 37 గుర్తులు. తైవాన్ పుస్తకాలు ఎక్కువగా తెచ్చుకునేట్టయితే ఒక వారం కూర్చుని ఆ 37 నేర్చుకోవడం మంచి పెట్టుబడి. ఇంగ్లిష్ అక్షరాల అలవాటు మన నోటిని చెడగొట్టకుండా అవి కాపాడతాయి. తైవాన్ పుస్తకాల్లో చాలావాటిలో వాక్యం పైనుంచి కిందికి నడుస్తుంది, పుటలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. ముందు అట్ట అనుకుని వెనక నుంచి చదవడం మొదలుపెట్టకండి.

బొమ్మల పుస్తకమైతే తేలిక అనుకోవడం పెద్ద పొరపాటు. జానపద కథల్ని తిరిగి చెప్పిన పుస్తకాల్లో నాలుగేసి అక్షరాల పాత నానుడులు కిక్కిరిసి ఉంటాయి. జంతువుల కథల్లో ముళ్లపంది, బీవరు లాంటి పేర్లు, చప్పుళ్లను తెలిపే మాటలు వస్తాయి. రోజువారీ భాషలో వాటి అవసరం తక్కువ. మొదట్లో పనికొచ్చేవి మూడు రకాలు. ఇల్లు, బడి, బజారు చుట్టూ తిరిగే కథలు. ఒకే వాక్యం పుట పుటకీ ఒక్క మాట మార్పుతో తిరిగొచ్చే పుస్తకాలు. లెక్కించడం నేర్పే పుస్తకాలు. మూడో రకాన్ని తక్కువగా చూడకండి. మనం మనుషులకి 'ముగ్గురు', వస్తువులకి 'మూడు' అని వేరు చేస్తాం. చైనీస్‌లో ఈ వేరు పదుల సంఖ్యలో ఉంటుంది: పుస్తకాలకి ఒక మాట, కాగితం, బల్ల లాంటి చదునైన వాటికి ఒక మాట, నది, చేప లాంటి పొడుగాటి వాటికి ఒక మాట. బొమ్మతో పాటు చూస్తే ఇవి వ్యాకరణ పుస్తకం కంటే చప్పున పట్టుబడతాయి.

స్థాయి సరిపోతుందో లేదో అర దగ్గరే తేల్చుకోవచ్చు. మధ్యలో ఒక పుట తెరిచి సుమారు వంద అక్షరాలు లెక్కపెట్టండి. తెలియనివి ఐదు లోపుంటే హాయిగా చదువుకోవచ్చు. పది దాకా ఉంటే నిఘంటువు పక్కన పెట్టుకుని కష్టపడచ్చు. ఇరవై దాటితే అరలో పెట్టేయండి, ఆరు నెలల తర్వాత చూద్దాం. తెలిసిన అక్షరాలే ఇంకా వంద లేనివాళ్లు ఈ లెక్క పక్కన పెట్టి, పుటకి ఒక్క వాక్యం ఉన్న పుస్తకాలే తీసుకోవాలి.

పిన్‌యిన్ ఉన్న పుటతో వచ్చే ముప్పు ఒకటే. కన్ను పైనున్న రోమన్ అక్షరాల మీదే నిలుస్తుంది, కింద అక్షరాన్ని చూడదు. పుస్తకమంతా గడగడా చదివేసి, పిన్‌యిన్ తీసేస్తే ఒక్క అక్షరం పోల్చలేరు. అందుకని ఇలా చదవండి. మొదటిసారి పిన్‌యిన్ చూస్తూ గట్టిగా. రెండోసారి పోస్ట్‌కార్డు మందం కాగితపు పట్టీ ఒకటి కత్తిరించుకుని, పిన్‌యిన్ వరసని దానితో మూసి, అక్షరాలు మాత్రం చూస్తూ. ఎక్కడ ఆగిపోతే అక్కడ పట్టీ జరిపి చూసి మళ్లీ మూయండి. మూడోసారి మర్నాడు, పట్టీ తీయకుండా. అప్పటికీ రాని అక్షరాల్ని మాత్రమే నోటుబుక్కులో ఎక్కించండి, పుటకి మూడుకి మించకుండా. అన్నిటినీ రాసుకుంటే రెండో పుస్తకం దాకా చేరరు. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు, ఎక్కడ మాట విరుగుతుందో మనమే పట్టుకోవాలి. గట్టిగా చదివితేనే ఆ విరుపు తెలుస్తుంది.

తెలుగు నోటికి ఏది కలిసొస్తుంది

ఇంగ్లిష్‌వాళ్ల కోసం రాసిన పుస్తకాలు ఉచ్చారణ దగ్గర మనకి అన్యాయం చేస్తాయి. వాళ్లకి లేనివి మన వర్ణమాలలో ఉన్నాయి. పిన్‌యిన్‌లో బి, డి, జి అక్షరాలు బ, ద, గ కావు. అవి ప, త, క. పి, టి, కె అక్షరాలు వాటికి ఒత్తు చేర్చినవి: ఫ, థ, ఖ. నాన్నని పిలిచే మాటని బి అక్షరంతో రాసినా పలకాల్సింది 'పాపా' అని. అదే స్వరంలో ఒత్తుతో పలికితే 'భయపడటం' అని అర్థం మారుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మాటల్లో ఒత్తులు తేల్చేయడం మనకి అలవాటు, చైనీస్‌లో తేల్చితే మాటే మారిపోతుంది. అరచేయి నోటి ముందు పెట్టుకుని గాలి తగులుతోందో లేదో చూసుకోండి. రెండోది, ఈ ఫ పెదాలు రెండూ కలిపి పలికే అసలైన ఫ. ఇవాళ మనం 'ఫోను'లో పలికే పంటి ఫ చైనీస్‌లో వేరే హల్లు, దానికి ఎఫ్ ఉంది.

పిన్‌యిన్‌లో ఎక్స్ అంటే శ, ఎస్‌హెచ్ అంటే ష, ఎస్ అంటే స. ఇంగ్లిష్‌వాళ్లు నెలల తరబడి తడబడే ఈ మూడూ ఒకటో తరగతిలోనే మన చేత దిద్దించారు. మాటల్లో శ, ష కలిపేస్తుంటే మాత్రం మళ్లీ విడదీసుకోవాలి: శ పలికేటప్పుడు నాలుక కొన కింది పళ్ల వెనక, ష పలికేటప్పుడు నాలుక పైకి వంగి. జె అక్షరం 'చిలుక'లోని చ, క్యూ దానికి ఒత్తు. జెడ్ అక్షరం 'చాప'లోని దంత్య చ, సి దానికి ఒత్తు. జెడ్‌హెచ్ కోసం ట పలకడానికి నాలుక ఎలా మడుస్తామో అలా మడిచి చ అనాలి, సిహెచ్ దానికి ఒత్తు.

మనకి లేనివీ ఉన్నాయి. రెండు చుక్కల యు కోసం 'ఈ' అంటూ పెదాలు సున్నాలా చుట్టాలి. జె, క్యూ, ఎక్స్, వై తర్వాత చుక్కలు రాయరు, కానీ పలకాల్సింది అదే. రోమన్ e అక్షరం ఒంటరిగా వస్తే ఎ కాదు, 'ఓ' అంటూ పెదాలు సాగదీసినప్పుడు వచ్చే శబ్దం. అన్నిటికంటే మన అసలు బలహీనత మాట చివర. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి హల్లుతో ఆగాల్సిన చోట మన నోరు తనంతట తాను ఉకారం చేరుస్తుంది. 'మన్' అనాల్సింది 'మను' అయితే వినేవాళ్లకి రెండు అక్షరాలుగా వినిపిస్తుంది. 'న్' దగ్గర నాలుక పళ్లకి తాకించి అక్కడే ఆపేయండి.

స్వరాలు నాలుగు, ఐదోది తేలిక స్వరం. ఎత్తులో నిలిచేది మొదటిది, పైకి లేచేది రెండోది, అడుగున ఉండేది మూడోది, పైనుంచి దిగజారేది నాలుగోది. సరిగా వినపడనప్పుడు మనం అనే 'ఆఁ?' రెండో స్వరం, ఎవరినో కసిరి 'పో!' అంటే నాలుగోది. మూడో స్వరాలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరమవుతుంది. పుస్తకాల్లో పిన్‌యిన్ మాత్రం మార్చకుండా మూడో గుర్తే వేస్తారు. చూసింది చూసినట్టు చదివి తప్పు పలకడానికి ఇదే కారణం. ఆడియో ఉన్న పుస్తకాలకి అందుకే ముందు చేయి వేయాలి.

ఒక అక్షరాన్ని నిఘంటువులో పట్టుకోవడం

ఫోన్‌లో వేలితో గీస్తే అక్షరం క్షణంలో దొరుకుతుంది. అయినా రెఫరెన్స్ అరల్లోని అచ్చు నిఘంటువుతో కొన్నాళ్లు కుస్తీ పట్టమనే చెప్తాను. అక్షరం ఏ ముక్కలతో కట్టారో కన్ను నేర్చుకునేది అప్పుడే.

'అమ్మ' అక్షరాన్నే తీసుకోండి. ఎడమ పక్క స్త్రీ గుర్తు, కుడి పక్క గుర్రం. గుర్రానికి అర్థంతో సంబంధం లేదు, 'మా' అనే శబ్దాన్ని అందివ్వడానికి వచ్చింది. స్త్రీ గుర్తు ఈ అక్షరానికి మూలకం (రాడికల్, నిఘంటువులో అక్షరాల్ని వర్గాలుగా చేసే ముక్క), మూడు గీతలు. నిఘంటువు ముందు భాగంలో మూలకాల పట్టిక గీతల సంఖ్య ప్రకారం ఉంటుంది. మూడు గీతల వరసలో స్త్రీ గుర్తు పట్టుకుని, దాని పక్కనున్న పుట నంబరుకి వెళ్లండి. అక్కడ ఆ మూలకంతో ఉన్న అక్షరాలన్నీ మిగిలిన గీతల వరసలో ఉంటాయి. సరళ లిపిలో గుర్రానికి మూడు గీతలు, సంప్రదాయ లిపిలో పది. ఆ అంకె కింద మన అక్షరం, దాని పక్కన అసలు పుట నంబరు. మూడు అడుగుల పని.

తప్పేది లెక్క దగ్గర. నోరు గుర్తు చతురస్రంలా ఉంటుంది కదా అని నాలుగు గీతలు వేస్తారు. అవి మూడే, పై అంచు, కుడి అంచు కలం ఎత్తకుండా ఒకే గీతగా గీస్తారు. ఎడమ పక్క మూడు చుక్కలుగా కనిపించే నీటి గుర్తు ఇంకో ఉచ్చు. 1716 నాటి కాంగ్‌శీ నిఘంటువు 214 మూలకాల పద్ధతిని పాటించే సంప్రదాయ నిఘంటువుల్లో అది నాలుగు గీతల 'నీరు' కింద ఉంటుంది, మూడింటి కింద వెతికితే దొరకదు. చైనాలో ఇప్పటి ప్రమాణం 201 మూలకాలు. అంటే పాత నిఘంటువులో నేర్చిన దారి కొత్తదానిలో అచ్చంగా పనిచేయదు. ఏదో ఒక్కదానికి అలవాటు పడండి.

పత్రికల గదిలో చైనీస్ దినపత్రికలు కనిపిస్తే ఆశపడి శీర్షికలు చదవబోకండి. జాగా కోసం మాటలు మింగేస్తారు, పాత గ్రాంథిక రూపాలు వాడతారు. వాతావరణం, అద్దె ఇళ్ల ప్రకటనలు, కిరాణా దుకాణాల కరపత్రాలు తేలిక. 1976 నుంచి న్యూయార్క్‌లో వెలువడుతున్న వరల్డ్ జర్నల్ సంప్రదాయ లిపిలో ఉంటుందని గుర్తుంచుకోండి.

పంచాంగం, వంట, కుంచె

పండుగల పుస్తకాల దగ్గర తెలుగువాళ్లకి ఒక సొంత దారి ఉంది. చైనా పంచాంగం కూడా చాంద్రమానంతో సూర్యమానాన్ని కలిపిందే. మనలాగే అమావాస్య నుంచి అమావాస్యకి నెల, అధిక మాసం పద్ధతీ ఉంది. మనకి సంక్రాంతి లేని నెల అధికం. వాళ్లకి సూర్యగతిని 24 భాగాలు చేసిన వాటిలో ప్రధానమైన పన్నెండులో ఏదీ పడని నెల అధికం. మనది నక్షత్రాల ఆధారంగా చేసే నిరయన లెక్క, వాళ్లది విషువత్తుల ఆధారంగా చేసే సాయన లెక్క. అందుకే 2023లో ఇద్దరికీ అధిక మాసం వచ్చినా, మనకి శ్రావణం, వాళ్లకి రెండో నెల. మనకి అమావాస్య మర్నాడు పాడ్యమి, వాళ్లకి అమావాస్య ఘడియ పడిన రోజే ఒకటో తారీఖు. వాళ్ల ఉగాది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎందుకు జరుగుతుంటుందో, ఎనిమిదో నెల పదిహేనున వచ్చే చంద్రుడి పండుగ పౌర్ణమి దగ్గర ఎందుకుంటుందో పంచాంగం చూసే ఇంటివాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. ఇంగ్లిష్ పుస్తకాలు దీన్ని పేజీలకి పేజీలు వివరిస్తాయి.

వంట పుస్తకాల్లో పేర్లు చాలావరకు కాంటనీస్ స్పెల్లింగులు, మొదట అమెరికా వచ్చినవాళ్లు దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతంవాళ్లు కాబట్టి. పిన్‌యిన్ నేర్చుకుని ఫ్లషింగ్ దుకాణంలో బాక్‌చాయ్ కోసం పిన్‌యిన్‌లో వెతికితే చీటీ మీద మాట వేరేగా ఉంటుంది. అక్షరాలు ఫోటో తీసుకెళ్లండి, అవి మారవు. పాత అమెరికన్ పుస్తకాలు షావ్‌శింగ్ వైన్ బదులు షెర్రీ వాడమంటాయి. ఫ్లషింగ్‌లో అసలు సరుకే దొరుకుతుంది. లేత సోయా సాస్‌లో ఉప్పెక్కువ, ముదురు సోయా సాస్ రంగు కోసం. లేతదాని బదులు ముదురుది అదే కొలతలో పోస్తే కూర నల్లబడి ఉప్పు చాలకుండా పోతుంది.

లేఖన కళ నేర్చుకోవాలంటే పుస్తకంతో పాటు నీటితో రాసే గుడ్డ ఒకటి కొనుక్కోండి. కుంచె నిలువుగా పట్టాలి, మణికట్టు బల్లకి ఆనకూడదు. ప్రింటర్ కాగితం సిరా పీల్చదు, గీత మీద గీత జారుతుంది.

పుస్తకం లేకపోతే

లైబ్రరీ కార్డుతో ఈ-పుస్తకాలు అరువిచ్చే లిబ్బీ యాప్‌లో భాషని చైనీస్‌గా ఎంచుకుంటే ఈ-పుస్తకాలు విడిగా కనిపిస్తాయి. సరళ, సంప్రదాయ లిపులు కొన్నిచోట్ల వేరు వేరుగా, కొన్నిచోట్ల కలిపి ఉంటాయి, నమూనా తెరిచి చూసి తీసుకోండి. బే ఏరియాలో ఉన్నవాళ్లకి శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో పవెల్ స్ట్రీట్ మీదున్న శాఖ మంచిది. 1921 నాటి కార్నెగీ భవనం, చైనీస్ అమెరికన్ చరిత్రకారుడు హిమ్ మార్క్ లై పేరు పెట్టారు. ఓక్లండ్‌లో ఏషియన్ బ్రాంచి ఉంది. న్యూయార్క్‌లోనే మన్‌హాటన్ వైపు ఈస్ట్ బ్రాడ్‌వే మీద చాథమ్ స్క్వేర్ శాఖ ఉంది, అది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ కిందికి వస్తుంది కాబట్టి క్వీన్స్ కార్డు అక్కడ పనిచేస్తుందో లేదో ముందు అడగండి.

మీ ఊరి లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించమనచ్చు, కొనమని కూడా అడగచ్చు. అడిగేటప్పుడు శీర్షికని పిన్‌యిన్‌లో మాత్రమే రాసి ఇస్తే తప్పు పుస్తకం వచ్చే అవకాశం ఎక్కువ, స్వరాలు లేని పిన్‌యిన్‌లో ఒకేలా కనిపించే శీర్షికలు బోలెడు. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్, లిపి సరళమా సంప్రదాయమా, పిల్లల పుస్తకమైతే పిన్‌యిన్ ఉన్న ముద్రణా లేనిదా, ఈ మూడూ రాయండి. ఒకే కథ పిన్‌యిన్‌తోనూ, లేకుండానూ రెండు ముద్రణలుగా రావచ్చు, అప్పుడు రెండింటికీ ఐఎస్‌బీఎన్ వేరు.